మూడో జంట గింజలు

ఆ తెల్లవారుజామున ఆకాశం కనిపించలేదు. మంచు కొండ దిగి వచ్చి గూడెం మీద కూర్చుంది. ఇంటి ముందరి పనసచెట్టుకు మొదలుంది, తల లేదు. పైన ఎక్కడో వెలుగు పుట్టినట్టు మంచు కాస్త పాలరంగుకు తిరిగిందిగాని, పొద్దు ఏ దిక్కున ఉందో చెప్పడానికి లేదు.

సోములమ్మ కడవ చంకన పెట్టుకుని బయలుదేరింది. ఊటకు దారి కుడివైపు. ఆమె ఎడమవైపు నడిచింది.

గూడెం చివర, చోడిచేను గట్టు దాటాక, తుప్పలు కొట్టి చదును చేసిన జాగా ఉంది. నాలుగు మూలలా నాలుగు మేకులు. నడుమ జానెడు గొయ్యి, గోతి మీద అడ్డాకు దొప్ప బోర్లించి, ఎగిరిపోకుండా పైన రాయి. నిన్న సాయంత్రం గంగ పెట్టిన గింజలు ఆ దొప్ప కింద ఉన్నాయి.

ఆ కొండల్లో ఎవరు ఇల్లు కట్టాలన్నా ముందు భూమిని అడగాలి. గోతిలో పేడ అలికి, ఇంట్లో ఉండబోయే మనిషికి రెండేసి బియ్యపు గింజలు, కొసలు తగిలేలా, జంటగా పెడతారు. విరగని గింజలు కావాలి. పెట్టేవాళ్లు ఎవరి పేర పెడుతున్నారో పైకి చెప్పరు. భూమి ఒప్పుకోకముందే పేరు పలికితే ఆ పేరుకు కీడు. తెల్లారి ఊరివాళ్ల ముందు, ఊరికి మంచిచెడ్డలు చూసి చెప్పే దిసారి దొప్ప తీస్తాడు. జంటలు జంటలుగా ఉంటే ఇల్లు కట్టుకోవచ్చు. చెదిరితే భూమి వద్దన్నట్టు. మూడు జాగాలు చూడొచ్చు. మూడూ కాదంటే ఆ ఊరి పొలిమేరలో ఆ మనిషికి ఇల్లు లేదు. గింజలు ముట్టినవాళ్ల సంగతి వేరే. వాళ్ల పొయ్యి ఆరిపోతే ఊళ్లో ఎవరూ నిప్పు ఇవ్వరు, పిలిస్తే పలకరు.

ఇదంతా సోములమ్మకు తెలుసు. తెలిసే రాయి తీసి, దొప్ప ఎత్తింది.

మూడు జంటలు.

ఒకటి గంగది. ఒకటి హాస్టల్లో ఉండి చదివే దాని తమ్ముడు మంగ్లుది. మూడోది ఎవరిది?

చలికి కొంకర్లు పోయిన వేలితో ఆమె ఆ గింజలను ఒక్కసారి అటూ ఇటూ తోసింది. దొప్ప మళ్లీ బోర్లించి, పైన రాయి పెట్టి, ఊటకు వెళ్లి నీళ్లు తెచ్చుకుంది. దారిలో ఒక్కరూ ఎదురుకాలేదు. మంచు అలాంటిది.

*

గంగ సంతలో దొరికిన పిల్ల.

అమ్మా నాన్నా ఒకే వానాకాలంలో జ్వరాలతో పోయారు. ఉన్న పాక కూలిపోయింది, కూలిన జాగాలో ఎవరో అల్లం వేసుకున్నారు. తమ్ముణ్ణి ఒక మాస్టారు హాస్టల్లో చేర్పించాడు. గంగకు హాస్టలు వయసు దాటిపోయింది. ఇక అక్కణ్ణించి దానివన్నీ అరుగులే. ఈ ఇంట్లో చుట్టాలొస్తే ఆ ఇంటి అరుగు, ఆ ఇంట్లో పురుడొస్తే ఇంకో ఇంటి చూరు. ఏ ఇంట్లో ఆడమనిషి కనపడినా ‘అత్తా’ అని పిలవడం అలవాటైపోయింది. ఒక సంతనాడు వాన ముంచుకొచ్చి జనం అంతా లేచిపోయాక, ఎండుచేపల పాకలో ముడుచుకుని పడుకున్న పిల్లను సోములమ్మ చూసింది.

"ఓలె గుంటా, ఇల్లు లేదేటి?"

"లేదత్తా."

"మరి లే. తడిసిపోతన్నావు."

అంతే మాట్లాడుకున్నది. ఆ రోజునుంచి ఆ పిల్ల ఈ గూడెంలో, ఆమె దగ్గరే ఉంది.

సోములమ్మకూ ఎవరూ లేరు. మొగుడు భీముడు పోయాడు. ఒక్కగానొక్క కూతురు అంతకు ముందే పోయింది. ఉంటున్న ఇల్లు మొగుడి తరపువాళ్లది. పక్కింట్లో ఉండే మరిది కొడుకు గాసి చెడ్డవాడు కాదు. ఉన్నన్నాళ్లూ ఉండు పెద్దమ్మా అన్నాడు. ఆ మాటలో ‘ఉన్నన్నాళ్లూ’ అన్నది ఆమెకు ప్రతి వానాకాలం చూరు కారినప్పుడల్లా వినిపించేది.

పిల్లకు ఆమె అన్నీ నేర్పింది. రాత్రి బూడిద కప్పి పొద్దునకు నిప్పు నిలపడం, చోళ్లు ఎప్పుడు చల్లాలో గాలిని బట్టి తెలుసుకోవడం, సంతలో చింతపండు తూకానికి వేసేటప్పుడు దిగువనుంచి వచ్చిన షావుకారి చేతిమీద కాకుండా తక్కెడ ముల్లుమీద కన్ను ఉంచడం. కాఫీ నర్సరీలో పని ఉందని తెలిసి మేస్త్రీ దగ్గరకు వెంటబెట్టుకు వెళ్లి, సంచుల్లో మట్టి నింపే పనికి పెట్టించింది. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఏవేవి కావాలో అన్నీ ఆమే నేర్పింది. నేర్పినన్నాళ్లూ ఇవన్నీ వెళ్లిపోవడానికి పనికొచ్చే విద్యలని ఆమెకు తట్టలేదు.

కిందటి వేసవిలో హాస్టలు మూసేశారు. మంగ్లు ఎవరికీ చెప్పకుండా స్టేషన్ పక్క పాకలో పడుకుని, ఇనపరాయి రైళ్లు పోతుంటే చూస్తూ సెలవులన్నీ గడిపాడు. ఆ సంగతి గంగకు హాస్టలు తెరిచాక తెలిసింది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాటినుంచి కర్రలు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. నర్సరీ పని అయ్యాక కొండెక్కి, ఒక్కో కర్ర, ఒక్కో వెదురు. పుష్యమాసంలో కప్పుగడ్డి కోసి కట్టలు కట్టి సోములమ్మ చూరుకింద పేర్చింది.

"ఆడ్ని ఇక్కడికే తెచ్చీ. మన ముగ్గురం పట్టవేటి?" అంది సోములమ్మ.

"ఎన్నాళ్లత్తా? ఈ ఇల్లు నీదేటి?"

పిల్ల మామూలుగానే అంది. సోములమ్మ చేట పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయింది.

ఊళ్లో ఆడవాళ్లకు ఇదొక వేడుక. గాసి పెళ్లాం తవిటమ్మ నెలలు నిండిన కడుపుతో గుమ్మంలో కూర్చుని పిలిచి మరీ ఏడిపించేది.

"ఏటే గంగా, ఇల్లు గట్టీసి గుంటణ్ణి తెచ్చుకుంతావేటి? మా తమ్ముడున్నాడు. గొడ్లు కాయడం వొచ్చు. ఇంకేటీ రాదు."

"అయితే గొడ్లకే ఇచ్చి సెయ్యొదినా. ఆడికి నానెందుకు?"

తవిటమ్మ కడుపు పట్టుకుని నవ్వేది. సోములమ్మ నవ్వేది కాదు. గుంటడు అన్న మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఆ మాటే మంచులో దొప్ప ఎత్తినప్పుడు మూడో జంట మీద వచ్చి వాలింది.

*

దిసారి పోలయ్యకు చూపు తగ్గింది. దొప్ప తీసి, గోతిమీదకు ముక్కు తగిలేలా వంగి చూశాడు.

"ఒల్లనంది గుంటా."

"అంతేనా తాతా?"

"అంతే. ఇంకో సోటు సూసుకో. భూమికి నీ మీద కోపవేటి? ఈ జాగాకి ఏదో ఉంది."

గంగ నాలుగు మేకులూ పీకి, ఒడిలో వేసుకుని, అటునుంచి అటే నర్సరీకి వెళ్లిపోయింది.

రెండో జాగా ఊట పక్కన చూసుకుంది. సోములమ్మకు దారి తప్పే పని కూడా లేకపోయింది. ఆ తెల్లవారుజామునా మంచే. దొప్ప ఎత్తితే మళ్లీ మూడు జంటలు. ఈసారి ఆమె చెయ్యి కాసేపు ఆగింది. కడవ నిండి నీళ్లు పొర్లిపోతున్న చప్పుడు పక్కనే వినిపిస్తోంది. మూడోవాడు వస్తాడు, పిల్ల వాడి వెనక పోతుంది, నేను ఆ చూరుకింద ఒక్కదాన్నీ దగ్గుతూ ఉంటాను. అంతవరకే ఆలోచించింది. వేలు కదిపింది.

రెండోసారీ పోలయ్య ఒల్లనంది అన్నాక ఊరు నవ్వడం మానేసింది. తవిటమ్మ గంగను చూసి పమిట కడుపుమీదకు లాక్కుంది. గాసి పెరట్లో కత్తి నూరుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, "మూడోది కూడా కాదంటే ఏటి సేస్తారో" అన్నాడు.

సోములమ్మ అనుకున్నది వేరు. రెండుసార్లు భూమి కాదంటే పిల్ల ఊరుకుంటుంది, కర్రలు వంటచెరుకు అవుతాయి, గడ్డి మన చూరుకే పడుతుంది అనుకుంది. గంగ ఊరుకోలేదు. సొరబుర్రలో దాచిన బియ్యం చేటలో పోసుకుని, గుమ్మంలో వెలుగుకు కూర్చుని, విరిగినవి పక్కకు తీసి, విరగనివి మళ్లీ బుర్రలో వేస్తూ ఉండేది. ఎవరైనా పలకరిస్తే తలెత్తకుండా "ఊఁ" అనేది. మూడో జాగా పనసచెట్టు ఎదురుగా, సోములమ్మ ఇంటికి పిలిస్తే పలికేంత దగ్గర, రాళ్లున్న నేల. ఆ రాళ్లన్నీ ఒక్కతే తీసింది.

గింజలు పెట్టిన సాయంత్రం ఇంటికి వచ్చి పొయ్యి రాజేస్తోంది. సోములమ్మ కంచాలు కడిగి తెచ్చింది. ఎన్నాళ్లగానో గొంతులో ఉన్నది ఆగలేదు.

"ఓలె, ఆ మూడో జంట ఎవుడిదే?"

గంగ గొట్టంతో ఊదుతోంది. ఊదడం ఆగింది. గొట్టం మెల్లగా కింద పెట్టింది.

"మూడు జంటలని నీకెలా తెలుసత్తా?"

సోములమ్మ చేతిలోని కంచంలోంచి నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. గంగ ఆమె మొహం చూసింది. ఆ మొహంలో ముందరి రెండు తెల్లవారుజాములూ కనిపించినట్టే చూసింది. పొయ్యి పొగ రేగుతోంది. ఇద్దరిలో ఎవరూ ఊదలేదు.

గంగ అంది.

"నీదే."

"ఏటి?"

"మూడోది నీది. పొయ్యి పక్కన ఒక అరుగెయ్యాలనుకున్నాను. సలికి నీ దగ్గు ఎక్కువవుతది గదా. భూమి ఒప్పుకున్నాక సెబుదావనుకున్నాను."

కంచం కింద పడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

గంగ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. పేరు పలికేసినట్టు అప్పుడు తెలిసింది దానికి.

*

తెల్లారేసరికి మంచు లేదు. చాన్నాళ్ల తరవాత కొండలన్నీ అంచులతో సహా కనిపించాయి. సోములమ్మ ఊటకు వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుని, ఎదురుగా ఉన్న ఆ రాయిమీద కన్ను వేసి ఉంచింది. కోడి అటు పోతే తోలింది. కుక్క అటు పోతే తోలింది.

పోలయ్య వచ్చాడు. గాసి వచ్చాడు. తవిటమ్మ రాలేదు. పోలయ్య రాయి తీసి దొప్ప ఎత్తాడు. వంగనక్కరలేకపోయింది. చీమలు. పనసచెట్టు మొదలునుంచి సన్నటి దారి కట్టి గోతిలోకి దిగుతున్నాయి. ఉన్నవి రెండో మూడో గింజలు, అవీ కదులుతున్నాయి.

పోలయ్య దొప్ప బోర్లించి పైకి లేచాడు.

"గుంటా," అన్నాడు.

అప్పుడు సోములమ్మ లేచి వచ్చి నడుమ నిలబడింది.

"ముందు రెండు మాట్లూ భూమి ఒల్లననలేదు. నానే సెరిపినాను."

గాసి చూశాడు. పోలయ్య చెవి దగ్గరకు చెయ్యి తెచ్చుకున్నాడు.

"ఏటన్నావు?"

"మంచులో వొచ్చి దొప్పెత్తి సెరిపీసినాను. ఈ చేత్తోనే. ఆ రెండూ లెక్క కాదు. ఈ గుంటకి ఇంకా రెండు జాగాలు సూసుకునే వీలుంది."

"సోములమ్మా, ఏటి మాటలివి? గింజలు ముట్టినోలికి ఊర్లో నిప్పు పుట్టదు. తెలీదేటి నీకు?"

"తెలుసు."

"పెద్దమ్మా," అన్నాడు గాసి. "నిజవే అయితే నిన్ను ఇంట్లో ఉంచడానికి నాకూ వీలుండదు."

"ఉంచకు."

పోలయ్య గంగవైపు తిరిగాడు. "నువ్ సెప్పు గుంటా. నిజవేనా?"

గంగ చీమలను చూస్తోంది. ఒక చీమ తనకంటే పెద్దదైన గింజను లాక్కుని గట్టు ఎక్కలేక వెనక్కి జారుతోంది, మళ్లీ ఎక్కుతోంది. అది గట్టు ఎక్కేదాకా చూసింది.

"అబద్దం తాతా. అత్త అలాగ సెయ్యదు. నా మీద పేమకొద్దీ అంతంది."

"ఓలె గంగా!"

"ఊరుకో అత్తా."

"నిజం తాతా! మూడు జంటలున్నాయి, నాను సూసినాను..."

"రాత్రి నానే సెప్పినాను మూడని," అంది గంగ. దాని గొంతు తొణకలేదు.

ముసిలాడు కళ్లు తుడుచుకున్నాడు. "కన్నతల్లయినా ఇంతకి తెగించదు," అన్నాడు పక్కనున్న వాళ్లతో. ఆడవాళ్లు ఒకరొకరే వచ్చి సోములమ్మ భుజం తట్టారు. మహాతల్లివే అన్నారు. ఆమె ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, కాదే, నా మాట నమ్మండే, నానే సెరిపినానే అంటూనే ఉంది. అన్నకొద్దీ వాళ్లకు ఇంకా జాలి కలిగింది.

గాసి గంగ దగ్గరకు వచ్చాడు. నేలను చూస్తూ మాట్లాడాడు.

"తప్పుగా అనుకోకు సెల్లా. మా ఇంటిది నెలలు నిండి ఉంది. భూమి ఒల్లనన్న మడిసి మన చూరుకింద..."

"ఎల్లిపోతానన్నా. ఒండుకు తినీసి ఎల్లిపోతాను."

"అంత బేగి అక్కర్లేదులే."

"ఎప్పుడైనా ఒకటే గదా."

*

గంగ చేసిన పనులు ఇవి. మేకులు పీకి గొయ్యి పూడ్చింది. కర్రలూ వెదుళ్లూ తెచ్చి సోములమ్మ ఇంటి వెనక చేర్చింది. గడ్డికట్టలు విప్పి ఎండలో పరిచింది.

"ఈ గడ్డి నీ కప్పుకి సరిపోద్ది. వానల్లోపల ఎక్కిత్తానన్నాడు గాసన్న. అడిగినాను."

సోములమ్మ గుమ్మానికి ఆనుకుని ఉంది. ఏడుపు రావడం లేదు. దగ్గు వస్తోంది.

"ఏ పక్కకి ఎల్తావు?"

"అనంతగిరి. అక్కడ కాఫీ తోటలో కూలీల పాకుందంట. ఆడగుంటలు ఉంతన్నారంట."

"మంగ్లునీ?"

"ఉంచుతారో ఉంచరో. అడగాల."

"నానూ వొత్తాను."

గంగ సొరబుర్ర దించింది. ఏరి పెట్టిన గింజలు ఇంకా సగం బుర్ర ఉన్నాయి. వాటిని అరచేతిలో పోసుకుని చూసింది. ఒక్కటీ విరిగింది లేదు.

"పని సేసేవోలికే సోటంట అత్తా," అంది.

అది నిజమో, ఇంకోలా అనలేక అన్నదో సోములమ్మకు తెలియలేదు. పిల్ల మొహం చూసి తెలుసుకుందామంటే, అది అప్పటికే పొయ్యిమీదకు వంగింది.

"అందరి ముందూ అలాగెందుకన్నావే?"

గంగ పొయ్యి ఊదింది. ఈసారి తొందరగానే అంటుకుంది. కుండలో నీళ్లు కాగేదాకా ఇద్దరూ ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నారు. కాగాక గంగ గింజలన్నీ అందులో పోసేసింది. బుర్రను బోర్లించి అడుగు తట్టింది. ఇంకో జాగా అడగడానికి ఒక్క గింజా మిగల్చలేదు.

అన్నం ఉడికిన వాసన బయటికి వెళ్లింది. కొండబియ్యం, కొత్తవి. పండగనాడు తప్ప ఆ ఇంట్లో ఆ వాసన ఉండేది కాదు. గంగ నిప్పుల మీద రెండు ఎండుచేపలు కాల్చింది. గూట్లోంచి అడ్డాకులు తీసింది. మూడు వచ్చాయి. ఒకటి వెనక్కి పెట్టేసింది.

రెండు ఆకులూ పక్కపక్కన వేసింది. సోములమ్మ ఆకులో ముందు వడ్డించింది, పెద్ద ముద్ద, చేప మొండెం వైపు. తన ఆకులో తల పెట్టుకుంది. గంజి ముంత ఇద్దరి నడుమ ఉంచింది.

ఇద్దరూ తిన్నారు. బయట ఎండలో గడ్డి చిటచిటమంటోంది. లోయ అవతల ఇనపరాయి రైలు ఒకటి చాలాసేపు పోయింది. సోములమ్మకు దగ్గు తెర వచ్చింది. గంగ ముంత ఆమె వైపు జరిపింది. ఆమె తాగి మళ్లీ నడిమికి పెట్టింది. ఆకుమీద మెతుకు మిగలకుండా ఏరుకుని తింటోంది ముసల్ది, ఒక్కో మెతుకూ, ఆ వేలితోనే. గంగ తన ఆకు ఖాళీ అయినా లేవకుండా, ఆమె తినడం అయ్యేదాకా, చెయ్యి ఎండిపోతున్నా, అలాగే కూర్చుంది.